చదువరి చావడి: ‘ద స్టాండ్’ మీద మీ ఉత్తరాలు, మా జవాబులు

స్టీఫెన్ కింగ్ నవల ‘ద స్టాండ్’ చదివినవాళ్లు నచ్చిందీ నచ్చనిదీ నిర్మొహమాటంగా రాయమని గత నెల అడిగాం. మెచ్చుకోళ్లకన్నా పేచీలే ఎక్కువ వచ్చాయి, సంతోషం. కథ తెలియనివారికి క్లుప్తంగా: అమెరికా సైన్యం కాలిఫోర్నియా ఎడారిలో గుట్టుగా తయారుచేసిన ఫ్లూ వైరస్ బయటపడి, కొద్ది వారాల్లో 99.4 శాతం జనాన్ని తుడిచిపెడుతుంది. బతికినవాళ్లకు రెండు కలలు వస్తుంటాయి. ఒకదాంట్లో నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య 108 ఏళ్ల నల్లజాతి ముసలమ్మ అబిగెయిల్, రెండోదాంట్లో రాండల్ ఫ్లాగ్ అనే చీకటి మనిషి. ముసలమ్మ మాట విన్నవాళ్లు కొలరాడోలోని బౌల్డర్‌కు, ఫ్లాగ్ వైపు మొగ్గినవాళ్లు లాస్ వేగాస్‌కు చేరతారు. ముగింపు ముందే తెలియకూడదనుకునేవారు విశాఖపట్నం ఉత్తరాన్ని దాటేయండి. దాని ముందున్న డల్లాస్ ఉత్తరంలో కూడా రెండు మూడు గుట్లు బయటపడతాయి.

తెనాలి నుంచి ఒక పాఠకురాలు: ఈ నవల 800 పేజీల్లో ఒకటి, 1,100 పైచిలుకు పేజీల్లో ఇంకొకటి ఉందంటున్నారు. నాకు చిన్నదే చాలనిపిస్తోంది. ఏది కొనాలి, ఏది ఏదో పోల్చుకునేదెలా?

జవాబు: చిన్నది కొందామన్నా కొత్త పుస్తకాల షాపుల్లో దొరకదు. 1978లో డబుల్‌డే సంస్థ వేసిన మొదటి ముద్రణ 823 పేజీలు. కింగ్ ఇచ్చిన రాతప్రతి ఇంకా చాలా పెద్దది. అంత లావు పుస్తకానికి పెట్టాల్సిన ధరకు జనం కొనరని సంస్థ లెక్కల విభాగం తేల్చింది. దాంతో రాతప్రతిలో సుమారు 400 పేజీలు పోయాయి. కత్తెర పట్టింది రచయితే, పట్టించింది మాత్రం లెక్కలవాళ్లు. అందులో చాలా భాగాన్ని తిరిగి చేర్చి, బెర్నీ రైట్‌సన్ బొమ్మలతో 1990లో 1,152 పేజీల సంపూర్ణ ముద్రణ తెచ్చారు. ఇప్పుడు షాపుల్లో కనిపించేది ఇదే. అక్షరాల సైజును బట్టి పేపర్‌బ్యాక్‌లు 1,400 పేజీల దాకా పోతాయి.

పాత పుస్తకాల దగ్గర, అంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద లావుపాటి ప్రతి కనిపిస్తే అట్ట చూసి మోసపోవద్దు. లోపల మూడు చోట్ల చూడండి. సంపూర్ణ ముద్రణకు రచయిత ముందుమాట రెండు ముక్కలుగా ఉంటుంది, ఒకటి కొనేముందు చదవమని, రెండోది కొన్నాక చదవమని. కథ సైనిక స్థావరం కాపలావాడు క్యాంపియన్ పెళ్లాన్ని నిద్రలేపి పరుగు తీయడంతో మొదలైతే సంపూర్ణం, నేరుగా టెక్సస్‌లోని పెట్రోల్ బంకులో మొదలైతే పాతది. ఇక కథ జరిగే ఏడాది: 1978 ప్రతిలో 1980, ఆ తర్వాతి పేపర్‌బ్యాక్‌లో 1985, సంపూర్ణ ముద్రణలో 1990.

పెరిగిన పేజీలన్నీ ఒకే విలువవి కావు. ఫ్రానీ గర్భవతినని చెప్పినప్పుడు తల్లితో ముందుగదిలో జరిగే గొడవ తిరిగి రావడం మంచిదే, ఆ పిల్ల మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడ తెలుస్తుంది. ‘ద కిడ్’ అనే రౌడీ భాగం లేకపోయినా ఏమీ పోయేది కాదు. ఆఖర్న చేర్చిన సముద్రతీరపు సన్నివేశం వల్ల పాత ముగింపు బరువు తగ్గిందని మా అభిప్రాయం. ఇంకో చిక్కు, ఏడాదిని పదేళ్లు ముందుకు జరిపారు గానీ మనుషుల్ని జరపలేదు. 1990లో ఉన్నామంటూ 1970ల యాసలో మాట్లాడతారు, ఆనాటి పాటలే తలుచుకుంటారు. చదివేటప్పుడు 1978 అనుకుంటే పేచీ ఉండదు.

పేపర్‌బ్యాక్ కొంటే ముందు వెన్ను సర్దుకోనివ్వండి. బల్ల మీద నిలబెట్టి, ముందునుంచి ఇరవై కాగితాలు, వెనకనుంచి ఇరవై కాగితాలు చొప్పున మెల్లగా తెరిచి నొక్కుతూ మధ్యకు రావాలి. ఒక్కసారి నడుమ విరిస్తే జిగురు చిట్లి, సరిగ్గా బౌల్డర్ అధ్యాయాల దగ్గర కాగితాలు ఊడొస్తాయి.

వరంగల్ నుంచి ఒక పాఠకుడు: 150 పేజీలు చదివి వదిలేశాను. అధ్యాయానికో కొత్త మనిషి, కొత్త ఊరు. ఎవరిని గుర్తుపెట్టుకోవాలో తెలియలేదు.

జవాబు: చాలామంది ఆగేది అక్కడే. మొదటి భాగంలో వచ్చే పేర్లలో ఎక్కువభాగం చనిపోవడానికే వస్తాయి. అందర్నీ కంఠస్థం చేయాలని చూస్తే అలసట తప్పదు. ఏడుగురిని అట్ట లోపల రాసిపెట్టుకోండి: టెక్సస్ ఆర్నెట్‌లో కాలిక్యులేటర్ల ఫ్యాక్టరీ కార్మికుడు స్టూ రెడ్‌మన్, మెయిన్ రాష్ట్రం ఓగన్‌క్విట్‌లో ఫ్రానీ, ఆమె స్నేహితురాలి తమ్ముడు హెరాల్డ్, ఒకే ఒక్క హిట్ పాటతో పేరొచ్చిన న్యూయార్క్ గాయకుడు లారీ, ఆర్కన్సాలో దెబ్బలు తిన్న చెవిటి మూగ యువకుడు నిక్, ఫీనిక్స్ జైల్లో లాయిడ్, నిప్పంటే పిచ్చి ఉన్న ఇండియానావాడు ట్రాష్‌క్యాన్ మ్యాన్. పేరు పక్కన ఊరు, ఎటువైపు పోతున్నాడో ఒక బాణం గుర్తు చాలు. అమెరికా పటం దగ్గరుంటే ఇంకా నయం. ఓగన్‌క్విట్, బౌల్డర్, వేగాస్ నిజమైన ఊళ్లు. ఆర్నెట్, అబిగెయిల్ ఉండే హెమింగ్‌ఫర్డ్ హోమ్ కల్పితాలు, పటంలో వెతకొద్దు.

పుస్తకం మూడు భాగాలు. జూన్ 16 నుంచి జులై 4 వరకు రోగం. సెప్టెంబర్ 6 దాకా ప్రయాణాలు, ఊరు కట్టుకోవడం. జనవరి 10 దాకా పోరు. రోజుకు 25 పేజీలు చదివితే నెలన్నరలో అయిపోతుంది. రెండోసారి బండి ఆగేది బౌల్డర్ కమిటీ సమావేశాల దగ్గర. మినిట్స్ కూడా మొత్తం అచ్చేశాడు. తీర్మానాలు వదిలేసి చర్చలు మాత్రం చదవండి, అందులో ఎవరు ఎవరిని అనుమానిస్తున్నారో తర్వాత అక్కరకొస్తుంది. వినే అలవాటున్నవారికి గ్రోవర్ గార్డ్‌నర్ చదివిన ఆడియో ఉంది, సుమారు 48 గంటలు. ట్రాష్‌క్యాన్ మ్యాన్ పిచ్చి మాటలు కాగితం మీదకన్నా చెవికే తేలిగ్గా అర్థమవుతాయి.

మొదటి భాగంలో ఇంకేమీ చదవకపోయినా 8వ అధ్యాయం చదవండి. హైవే పోలీసు ఒకడు వేగంగా పోతున్న ఇన్సూరెన్స్ ఏజెంటును ఆపుతాడు. ఏజెంటు టిఫిన్ సెంటర్‌లో వెయిట్రెస్‌కు ఒక డాలర్ టిప్పు ఇస్తాడు, దారి అడిగిన ఒక న్యూయార్క్ కుటుంబంతో మాట్లాడతాడు. వాళ్లు మోటెల్‌లో దిగుతారు, పిల్లవాణ్ణి డాక్టర్ దగ్గర కూర్చోబెడతారు. ఒక్క దెయ్యం లేదు, ఒక్క నెత్తురు చుక్క లేదు. పుస్తకం మొత్తంలో ఇంతకన్నా భయపెట్టే అధ్యాయం మాకు కనిపించలేదు.

గుంటూరు నుంచి ఒక మైక్రోబయాలజీ అధ్యాపకురాలు: 99.4 శాతం అనేది సైన్సుకు నిలవదు. సోకడంలోనూ చంపడంలోనూ ఒకే అంకె పెట్టేశాడు. దీన్ని మీరు వాస్తవికమైన నవల అని ఎలా రాశారు?

జవాబు: అంకె విషయంలో మీదే పైచేయి. పరిచయమైన రోగాలతో పోల్చి చూద్దాం. టీకా లేనివాళ్లు దగ్గరగా మసిలితే తట్టు పదిమందిలో తొమ్మిదిమందికి అంటుతుంది గానీ చంపేది తక్కువమందినే. మశూచి సోకినవారిలో సుమారు 30 శాతం పోయేవారు. లక్షణాలు కనిపించాక రేబిస్ దాదాపు అందర్నీ చంపుతుంది, కానీ మనిషి నుంచి మనిషికి పాకదు. 1918 ఫ్లూ ప్రపంచంలో కనీసం 5 కోట్లమందిని తీసుకుపోయిందని అంచనా, ఒక్క మన దేశంలోనే కోటికి పైగా. అయినా సోకినవారిలో ఎక్కువమంది కోలుకున్నారు.

నవలలో చెప్పిన కిటుకు ఏమిటంటే, ఒంట్లో రక్షణ తయారైన ప్రతిసారీ వైరస్ రూపు మార్చుకుంటుంది. ఫ్లూ రూపు మార్చుకునే మాట నిజమే, ఏటా కొత్త టీకా కావలసి రావడం అందుకే. కానీ ఆ మార్పు జనసమూహంలో నెలల మీద, ఏళ్ల మీద జరిగేది. ఒకే ఒంట్లో గంటల్లో జరగదు. రెండో లోపం భౌగోళికం. 1918 నవంబర్‌లో ఆక్లండ్ నుంచి వచ్చిన ఓడ రోగాన్ని పశ్చిమ సమోవాకు మోసుకొస్తే అక్కడ దాదాపు ఐదోవంతు జనం పోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా ఓడలను ఆపేసి ఒక్క ప్రాణమూ పోగొట్టుకోలేదు. నిజమైన మహమ్మారి ఇలా మిట్టపల్లాలుగా పోతుంది. నవలలో అన్నిచోట్లా ఒకే మట్టం.

అంకెను ఒకసారి గుణించి చూస్తే మరో లొసుగు బయటపడుతుంది. 1990లో అమెరికా జనాభా 24.87 కోట్లు. 0.6 శాతం అంటే దాదాపు 15 లక్షలమంది మిగలాలి. (2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు అదే వాటా వేస్తే 5 లక్షల పైచిలుకు.) నవలలో రెండు ఊళ్లకు కలిపి మనకు కనిపించేది వేలల్లోనే. బతికినవాళ్లలో కొందరు ఎలా పోయారో 38వ అధ్యాయంలో చెప్పాడు. బావిలో పడ్డ పిల్లవాడు, ఫ్రీజర్ గదిలో ఇరుక్కున్న అమ్మాయి, చేతిలోనే పేలిన పాత తుపాకీ. అధ్యాయం గొప్పదే, లెక్క మాత్రం సరిపోదు.

వాస్తవికం అని మేం రాసింది రోగం గురించి కాదు, దాన్ని దాచిపెట్టే తీరు గురించి. 1968 మార్చిలో యూటాలోని డగ్‌వే సైనిక పరీక్షా క్షేత్రం దగ్గర స్కల్ వ్యాలీలో ఆరువేల దాకా గొర్రెలు చచ్చిపడ్డాయి. నరాల మీద పనిచేసే విషవాయువే కారణమని తేలినా ఒప్పుకోవడానికి సైన్యం చాలా నసిగింది. ఈ నవలకు బీజాల్లో అదొకటని కింగ్ స్వయంగా రాశాడు. గాలి అటు తిరిగి ఉంటే సాల్ట్ లేక్ సిటీ గతేమిటన్నది ఆయన ప్రశ్న. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే, 1979 ఏప్రిల్‌లో, సోవియట్ నగరం స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో సైనిక ప్రయోగశాల నుంచి ఆంత్రాక్స్ బయటికి కొట్టుకొచ్చి 60 మందికి పైగా చనిపోయారు. చెడిపోయిన మాంసం తిని పోయారని ప్రభుత్వం చెప్పుకుంటూ వచ్చింది, నిజం ఒప్పుకునేసరికి 1992 వచ్చింది. నవలలో జనరల్ స్టార్కీ టీవీలవాళ్ల నోరు నొక్కే పేజీలను ఈ రెండు సంగతులూ తెలిసి చదివితే అతిశయోక్తి అనిపించదు.

నల్గొండ నుంచి, విద్యుత్ శాఖలో పనిచేసే పాఠకుడు: బౌల్డర్‌లో కరెంటు తెప్పించే భాగం నాకు బాగా నచ్చింది. జనరేటర్లకు రాగితీగ మళ్లీ చుట్టడం, కరెంటు ఇచ్చేముందు ఇల్లిల్లూ తిరిగి స్విచ్‌లు ఆపే బృందాన్ని వేయడం. మామూలు రచయితకు తట్టే విషయం కాదు. కానీ ఇంటింటికీ తిరగడం అవసరమా? సబ్‌స్టేషన్‌లో ఫీడర్ బ్రేకర్లు, అంటే ఒక్కో పేటకు పోయే లైన్ల పెద్ద స్విచ్‌లు, తీసేస్తే సరిపోదా?

జవాబు: మీరన్నదే అసలు పద్ధతి. అన్ని ఫీడర్లూ తీసిపెట్టి, ఒక్కోటీ వేస్తూ, లోడు నిలకడపడ్డాక రెండోది వేయాలి. చాలాకాలం తర్వాత కరెంటు వస్తే రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. మోటార్లు స్టార్టయ్యేటప్పుడు కొద్ది సెకన్లపాటు మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతాయి. అది తగ్గినా ఫ్రిజ్‌లు, ఏసీలు, గీజర్లు అన్నీ వేడెక్కో చల్లారో ఉంటాయి గనుక మామూలు రోజుల్లోలా వంతులవారీగా కాక మూకుమ్మడిగా నడుస్తాయి. తెలంగాణ పల్లెల్లో ఆటోస్టార్టర్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కరెంటు రాగానే బోర్లన్నీ ఒక్కసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్ కాలడం, వాటిని తీసేయమని అధికారులు మొత్తుకోవడం అందుకే.

అయినా ఇంటింటి బృందానికి వేరే అవసరం ఉంది. ఫీడర్ వేశాక దాని కింద ఇళ్లలో మనుషుల్లేరు. పొయ్యి మీద గిన్నె పెట్టి కరెంటు పోయినవాళ్లు, ఇస్త్రీపెట్టె ప్లగ్గులోనే ఉంచి పోయినవాళ్లు వందల్లో ఉంటారు. బ్రేకర్ ఆ మంటలను ఆపలేదు, ఫైరింజన్ నడిపేవాడూ లేడు. ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ఫ్యూజులు పీకి, మనుషులున్న వీధులకే కరెంటు ఇచ్చుంటే పని సగమయ్యేది. ఆ మాట కమిటీలో ఎవరూ అనకపోవడం మాకూ వెలితిగానే తోచింది.

మనుషుల్లేక అణు విద్యుత్ కేంద్రాలు ఏమవుతాయని ఇదే ఉత్తరంలో మీరడిగిన ప్రశ్న ఇంకా గట్టిది. 1990 నాటికి అమెరికాలో నూరుకు పైగా రియాక్టర్లు ఉన్నాయి. రియాక్టర్ ఆపేసిన క్షణంలో కూడా పూర్తి సామర్థ్యంలో ఆరేడు శాతం వేడి వస్తూనే ఉంటుంది, ఒక రోజు గడిచాక అర శాతం దగ్గరికి దిగుతుంది. ఆ కాస్త వేడిని తీసేయడానికైనా పంపులు తిరగాలి. బయటి కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు, వాటికి నిల్వ సాధారణంగా వారం రోజులది. అవీ ఆగితే గంటలు మాత్రమే నిలిచే బ్యాటరీలు. తర్వాత ఏమవుతుందో 2011లో ఫుకుషిమా చూపించింది. నవలలో రోగం ముదిరే కొద్ది వారాల్లో సిబ్బంది రియాక్టర్లను చల్లార్చే వీలుంది. వాడిన ఇంధనం నిల్వచేసే నీళ్ల తొట్లకు మాత్రం ఎవరో ఒకరు నీళ్లు పోస్తూనే ఉండాలి. కింగ్ ఈ జోలికి దాదాపు పోలేదు. పటం చూసేవాళ్లు ఇంకొకటి గమనిస్తారు: బౌల్డర్‌కు దక్షిణాన కొద్ది మైళ్లలోనే అణుబాంబులకు ప్లుటోనియం భాగాలు తయారుచేసిన రాకీ ఫ్లాట్స్ కర్మాగారం ఉండేది. మంచివాళ్లు కాపురం పెట్టింది దాని నీడన.

కర్నూలు నుంచి ఒక నర్సు: దారిలో తోటి ప్రయాణికుడు మార్క్‌కు అపెండిసైటిస్ వస్తే స్టూ పుస్తకం చూసి ఆపరేషన్ చేయబోతాడు, మనిషి పోతాడు. శిక్షణ లేనివాడు చేస్తే బతికే అవకాశం అసలుందా?

జవాబు: ఉంది గానీ స్టూ దగ్గరున్న సామగ్రితో కాదు. 1942 సెప్టెంబర్‌లో సీడ్రాగన్ అనే అమెరికన్ జలాంతర్గామిలో డాక్టర్ కాని వైద్య సహాయకుడు (ఫార్మసిస్ట్స్ మేట్) వీలర్ లైప్స్ వంచిన చెంచాలతో గాయాన్ని తెరిచిపట్టి, టీ వడకట్టులోంచి ఈథర్ ఇచ్చి అపెండిక్స్ తీశాడు, రోగి బతికాడు. తేడా చూడండి: మత్తుమందు ఉంది, చేయందించేవాళ్లు ఉన్నారు, అంతకుముందు ఆపరేషన్లు దగ్గరుండి చూసిన అనుభవం ఉంది. స్టూకు అలాంటి అనుభవం లేదు. మందుల షాపులన్నీ తెరిచి ఉన్న లోకంలో ముందు చేయాల్సింది కత్తి పట్టడం కాదు, యాంటీబయాటిక్ మొదలుపెట్టడం. పగలని అపెండిసైటిస్‌లో ఆపరేషన్ లేకుండా మందులతోనే చాలామంది గట్టెక్కుతారని తర్వాతి పరిశోధనలు చూపించాయి. 1978నాటి సామాన్యుడికి ఆ ఆలోచన రాకపోవడం సహజమే.

రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు: కరోనాను ఈయన 40 ఏళ్ల ముందే చెప్పాడని మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. మన కాలజ్ఞానం లాగా అన్నమాట.

జవాబు: అన్నమాట కాదు. 2020 మార్చిలో కింగే కరోనా తన నవలలోని రోగం లాంటిది కాదని, అంత ప్రమాదకరమూ కాదని, కంగారుపడక జాగ్రత్తలు పాటించమని ట్విట్టర్‌లో రాశాడు. రచయితే కాదన్నాక మనం అవుననడం బాగుండదు.

విజయవాడ నుంచి ఒక తల్లి: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. చదవనివ్వొచ్చా?

జవాబు: ఇంకో రెండు మూడేళ్లు ఆగనివ్వండి. శవాలు, నెత్తురు అటుంచితే ఇబ్బంది మూడుచోట్ల. ‘ద కిడ్’ ట్రాష్‌క్యాన్ మ్యాన్‌పై తుపాకీతో చేసే లైంగిక హింస, ఆడవాళ్లను బందీలుగా ఈడ్చుకుపోయే ముఠా, పైన చెప్పిన 38వ అధ్యాయంలో పసివాడి చావు. లింకన్ టన్నెల్ చీకట్లో శవాలు నిండిన కార్ల మధ్య లారీ నడిచే 35వ అధ్యాయానికి మాత్రం ఇన్ని జాగ్రత్తలు అక్కర్లేదు, అది భయమే తప్ప జుగుప్స కాదు. పిల్లవాడు బాగా పట్టుబడితే దానితో మొదలుపెట్టించండి.

డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు: అబిగెయిల్ పాత్ర నాకు మింగుడుపడలేదు. తెల్లవాళ్ల కష్టం తీర్చడానికే పుట్టిన దైవభక్తురాలైన నల్లజాతి ముసలమ్మ. ఇక ఆడవాళ్లంటే ఒకరు కనడానికి, ఒకరు ఫ్లాగ్‌కు పెళ్లాం కావడానికి.

జవాబు: అభ్యంతరం పాతదే, సరైనదే. అయితే అబిగెయిల్ గతం చెప్పే పేజీలు, తండ్రి పొలం, తెల్లవాళ్ల హాల్లో ఆమె గిటార్ పట్టి పాడిన రాత్రి, ఆ మూసను కొంత పగలగొడతాయి. బౌల్డర్‌కు వచ్చాక మళ్లీ మూసలోకే జారిపోతుంది. అడవిలోకి వెళ్లిపోవడం, తిరిగొచ్చి ఆజ్ఞ ఇచ్చి కన్నుమూయడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఆడవాళ్ల సంగతికి పుస్తకంలోనే లెక్క ఉంది. ఏడుగురి కమిటీలో ఆడవాళ్లు ఇద్దరు, ఫ్రానీ, స్యూ స్టెర్న్. హెరాల్డ్ పెట్టిన బాంబు పేలి స్యూ పోతుంది. ఫ్లాగ్‌ను ఎదుర్కోవడానికి పడమటికి నడవమని అబిగెయిల్ పంపింది నలుగురినీ మగవాళ్లనే: స్టూ, లారీ, గ్లెన్, రాల్ఫ్. ఒక్క డేనా జర్గెన్స్‌ను మాత్రం మీ జాబితాలోంచి తీసేయండి. గూఢచారిగా వేగాస్‌కు వెళ్లి ఫ్లాగ్‌కు ఎదురుగా నిలబడి, మూడో గూఢచారి పేరు నోట రాకుండా ప్రాణం తీసుకుంటుంది. ఫ్లాగ్ మొదటిసారి కంగారుపడేది అక్కడే. ఆమెకు ఇంకో వంద పేజీలు ఇచ్చి ‘ద కిడ్’కు ఇచ్చినవి కోసేసి ఉంటే ఈ ఉత్తరం మీరు రాయనక్కర్లేకపోయేది.

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు: వెయ్యి పేజీలు నడిపించి ఆఖరికి ఆకాశంలోంచి దేవుడి చెయ్యి దిగి బాంబు పేల్చడమేమిటి? మన పాత సినిమాల్లో దేవత ప్రత్యక్షమైనట్టు. మోసపోయానన్న భావన కలిగింది.

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఇదే మాట. మేం సగం ఒప్పుకుంటాం. బాంబును, చేతిని విడదీసి చూడాలి.

బాంబు ఊడిపడింది కాదు. ట్రాష్‌క్యాన్ మ్యాన్ కనిపించిన మొదటి అధ్యాయంలోనే చమురు ట్యాంకులు తగలబెడతాడు. ఫ్లాగ్ అతన్ని చేరదీసి ఎడారిలో ఆయుధాలు వెతికే పని అప్పగిస్తాడు. ఒక ఎగతాళి మాటకు మతి చెడి వాడు ఇండియన్ స్ప్రింగ్స్‌లో ఫ్లాగ్ విమానాలనే పేల్చేస్తాడు. ఆ తప్పుకు క్షమాపణగా, యజమానికి కానుకగా, ఇంకా పెద్ద మంటను, అంటే అణుబాంబును, తేవడం వాడి స్వభావంలోంచి వచ్చిందే. అంటే ఫ్లాగ్ తెచ్చిపెట్టుకున్నవాడే ఫ్లాగ్ కొంప ముంచాడు. ఈ వరస వందల పేజీల ముందునుంచి పేర్చి ఉంది. ఫ్లాగ్ చూపు మసకబారడం, మనుషులు రాత్రికి రాత్రి వేగాస్ విడిచి పోవడం కూడా ముందే మొదలైంది.

చెయ్యి మాత్రం అరువు సొమ్ము. జనంలో ఒకడు ఎదురు తిరిగితే ఫ్లాగ్ వాణ్ణి కాల్చడానికి నిప్పుబంతిని పుట్టిస్తాడు. ఆ బంతి పెరిగి బాంబును తాకితే చాలు, కథ ముగిసేది. అది దేవుడి చెయ్యి అని రాల్ఫ్ చేత అరిపించడంతో, అప్పటిదాకా దుర్మార్గుడి తప్పుల ఫలితంగా కనిపించింది ఒక్క వాక్యంలో పైవాడి తీర్పుగా మారిపోయింది. ఆ వాక్యం కొట్టేసి చదవండి, ముగింపు నిలబడుతుంది.

మరి నలుగురు నడిచి వెళ్లి ఏం సాధించారని అడిగారు. స్టూ దారిలోనే కాలు విరగ్గొట్టుకుంటాడు, గ్లెన్‌ను జైల్లో కాల్చేస్తారు. మిగిలిన ఇద్దర్నీ బహిరంగంగా చంపాలని ఫ్లాగ్ పట్టుబట్టడం వల్లే వేగాస్ జనమంతా ఒకచోట పోగవుతారు. వాళ్లు రాకపోతే ఆ గుంపు లేదు. వీరత్వంగా చూస్తే ఇది తక్కువే, ఎరగా చూస్తే సరిపోయింది.

అసలు నవలకు ఇంత గట్టి మలుపు దొరకడమే కష్టమైంది. 500 పేజీలు దాటాక ఎటుపోవాలో తోచక కింగ్ ఆగిపోయాడు. బౌల్డర్‌లో పాత్రలు మరీ ఎక్కువై, కథ చల్లబడి, చివరికి కమిటీ కూర్చున్న ఇంట్లో బీరువాలో హెరాల్డ్ చేత బాంబు పెట్టించి కొందరిని వదిలించుకున్నానని రచన గురించిన తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ దృష్టితో చూస్తే పుస్తకంలో రెండు బాంబులు, రెండూ రచయితను ఇరుకులోంచి తప్పించినవే. మొదటిది దాగింది, రెండోది దొరికిపోయింది.

నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు: చదవడానికి తీరిక లేదు. సీరియల్ చూస్తే సరిపోతుందా? రెండున్నాయట.

జవాబు: సరిపోదు గానీ ఒకటి చూడాలంటే 1994లో ఏబీసీ ఛానల్‌లో వచ్చిన నాలుగు భాగాలది చూడండి. మొత్తం ఆరు గంటలు, స్క్రిప్టు కింగ్‌దే, దర్శకుడు మిక్ గారిస్. కథ మొదటినుంచి వరసగా నడుస్తుంది. స్టూగా గ్యారీ సినీస్, అబిగెయిల్‌గా రూబీ డీ బాగా కుదిరారు, ఆఖరి చెయ్యి మాత్రం ఆనాటి గ్రాఫిక్స్ వల్ల నవ్వు తెప్పిస్తుంది. 2020 డిసెంబర్‌లో మొదలైన తొమ్మిది భాగాలది బౌల్డర్‌లో శవాలు ఎత్తే పనితో మొదలై వెనక్కీ ముందుకీ దూకుతుంది. పుస్తకం తెలియనివాళ్లకు ఎవరు ఎక్కడివారో అంతుపట్టదు, రోగం పాకే భాగం తునకలైపోయింది. చదివినవాళ్లు మాత్రం చివరి భాగం విడిగా చూడొచ్చు, ఫ్రానీకి నవలలో లేని ఒక పరీక్షను కింగ్ అందులో కొత్తగా రాశాడు.